క్రీడాకారుని యింటి గడియ

ప్రతిదినమును తెల్లవారుజామున అయిదు గంటలు మొదలు రాత్రి పదునొకండు గంటల లోపల ఒక గంటకాలము తానెచ్చట నుండునో మూడు మాసములకు సరిపడ ముందుగనే వ్రాసి యిచ్చి, ఆ గంటలో కబురైన లేకుండ వచ్చిన యధికారికి తలుపు తెఱచి, ఆ యధికారి చూచుచుండగనే మూత్రమును సీసాలో పట్టి యీయవలసిన మనుష్యుడు ఈ దేశమున నెవడు? జామీనుపై తిరుగు ముద్దాయికి సైతము సాధారణముగ నింతటి కట్టుబాటు లేదు. ఈ కట్టుబాటునకు లోబడినవారు మన పరుగుపందెగాండ్రు, మల్లయోధులు, బరువు లెత్తు బాలికలు, హాకీ, బ్యాడ్మింటన్, క్రికెట్ ఆటలలో పేరుపడినవారు. వ్రాసి యిచ్చిన చోట పండ్రెండు మాసములలో మూడుమారులు కనబడకపోయినచో, మందు తినిన జాడ యేమియు దేహమున లేకున్నను, నేరము చేసినట్లే. వ్రాయవలసినది వేళకు వ్రాయకపోయినను అదియు నొకమారుగ లెక్కకు వచ్చును. శిక్ష రెండేండ్ల నిషేధము. దయదలచి తగ్గించినను ఒక యేడాదికి లోపడదు. ముప్పదియేండ్లకే ప్రాయము మళ్లు ఆటలలో రెండేండ్లనగా నేమో చదువరులే యూహింపగలరు.

ఇట్టి నియమము వ్యక్తి గోప్యతను కాపాడు చట్టములతో ఢీకొనక తప్పదు. ఐరోపాఖండమున ఢీకొన్నది. మన దేశమునను 2009లో నొకసారి ఢీకొన్నది. అటుపిమ్మట 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమికహక్కుగ ప్రకటించెను; 2022లో డోపింగు నిరోధక చట్టము వచ్చెను; మఱుసటియేట వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. ఈ మూడింటికిని పరస్పరము పొత్తు కుదిర్చినవారు మాత్రము లేరు. మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. నియమము నిలువవలెను, అది మొదట పెద్దలకు వర్తింపవలెను. గోప్యత నిలువవలెను, అది మొదట చిన్నవారికి లభింపవలెను. మన దేశమున నింతవఱకు జరిగినది దీనికి తలక్రిందుగ నున్నది.

నియమ మెందులకు పుట్టెనో మఱచి గోప్యతను గూర్చి మాటలాడుట సులభము. పోటీనాడు మాత్రమే పరీక్షించినచో పట్టుబడువాడు దొంగలలో తెలివిమాలినవాడు. కండలు పెంచు స్టెరాయిడులను శిక్షణకాలమున వాడి, పోటీకి కొంత ముందుగ మానివేసి, దేహము శుభ్రపడిన పిమ్మట బరిలోనికి దిగుట ఆ విద్యలో ఓనమాలు. రక్తమున ఎఱ్ఱకణములను పెంచు ఎరిత్రోపాయిటిన్ వంటి మందుల జాడ మూత్రమున కొలదిదినములకే మాయమగును. బలము మాత్రము వారములతరబడి నిలుచును. అందుచేత పరీక్ష చెప్పకుండ రావలెను. చెప్పకుండ రావలెనన్న మనుష్యు డెచ్చట నున్నాడో పరీక్షకునకు తెలిసియుండవలెను. ఇంతకంటె సులువైన దారి యింతవఱకు ఎవరికిని దొరకలేదు.

2004 ఆగస్టులో ఏథెన్సు ఒలింపిక్ క్రీడల ప్రారంభమునకు ముందునాడు గ్రీసుదేశపు పరుగువీరులు కెంటెరిస్, థానూ అనువారు పరీక్షకు దొరకక, ఆ రాత్రియే మోటారుసైకిలు ప్రమాదమున గాయపడితిమని చెప్పి, స్వదేశమున జరుగు క్రీడలనుండి తామే తప్పుకొనిరి. 2007లో ఫ్రాన్సుదేశపు మహా సైకిలు పందెమున పసుపుచొక్కా ధరించి గెలుపునకు చేరువైన డెన్మార్కు పందెగాడు రాస్మస్సేన్ తాను మెక్సికోలో సాధన చేయుచున్నట్లు వ్రాసి యిచ్చియుండెను. ఇటలీదేశపు కొండలలో తొక్కుచుండగ జూచితినని ఒక పూర్వపు పందెగాడు బయటపెట్టెను. జట్టువారు పందెము నడుమనే యాతనిని ఇంటికి పంపివేసిరి. చాలమంది యది యన్యాయమనిరి. 2013లో ఆతడే నోరు విప్పి, పండ్రెండేండ్ల కాలము నిషిద్ధమైనవి వాడితినని యొప్పుకొనెను.

పరదేశముల కథలు చాలును. 2023 సెప్టెంబరులో మన రాజధానియందు, జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున, ఢిల్లీ రాష్ట్రపు పరుగుపందెములు జరిగినవి. మరుగుదొడ్లలో వాడిపాఱవేసిన సిరంజీలు కనబడినవన్న వార్త పొక్కినది. జాతీయ డోపింగు నిరోధక సంస్థవారు పరీక్షింప వచ్చిరి. అంతట పందెగాండ్రలో అనేకులు మైదానమునుండి మాయమైరి. పురుషుల నూఱు మీటర్ల తుదిపందెమున నొక్కడే నిలిచెను. ఒక్కడే పరుగెత్తి ఒక్కడే గెలిచెను. ఇది విని నవ్వవలెనో యేడ్వవలెనో మాకు తెలియలేదు. 2022లో మన దేశమున తీసిన 3,865 నమూనాలలో 125, 2023లో 5,606 నమూనాలలో 213, 2024లో 7,113 నమూనాలలో 260 నిషిద్ధద్రవ్యములు గలవిగ తేలినవి. పెద్దసంఖ్యలో పరీక్షలు జరుపు దేశములలో ఈ నిష్పత్తి యందు మనకే యగ్రస్థానము. ఈ యంకెలను ముందిడుకొని ఇంటి గడియను పూర్తిగ బిగించుకొందుమనుట మనకు చెల్లదు.

ఇక 2009 నాటి వ్యవహారము. అంతర్జాతీయ క్రికెట్ మండలి మూడేండ్లకు ముందే ప్రపంచ నియమావళి నంగీకరించియుండెను. దాని ప్రకారము మన ఆటగాండ్రును ఉనికిపత్రములపై సంతకము చేయవలసివచ్చెను. వారు చేయమనిరి. ఆగస్టు 2వ తేదీన భారత క్రికెట్ బోర్డు కార్యవర్గము ముంబాయిలో సమావేశమై ఆటగాండ్ర పక్షమే వహించెను. రెండు హేతువులు చెప్పబడినవి: ఒకటి ప్రాణభయము, రెండవది రాజ్యాంగమిచ్చిన వ్యక్తిగోప్యత.

మొదటిది ఉత్తమాట యని మేమనజాలము. ముంబాయి నగరమున ముష్కరులు మారణకాండ జరిపి యప్పటి కింకను ఏడాది నిండలేదు. ఆ మార్చి నెలలోనే లాహోరు నడివీధిలో శ్రీలంక క్రికెట్ జట్టు బస్సుపై కాల్పులు జరిగియుండెను. సచిన్ తెందూల్కర్, ధోనీ వంటివారు పోలీసు రక్షణలో తిరుగుచుండిరి. "ఫలాని దినమున ఉదయ మాఱుగంటలకు ఫలాని గదిలో నుందును" అను చీటీ ఏ కంప్యూటరునుండి యెవరి చేతిలో పడునో యని వారు వెఱచినచో తప్పుపట్టుట యెట్లు? ఆ వెఱపు ఎంత నిజమైనదో ఏడేండ్ల తరువాత తేలినది. ఆ కథ ముందు చెప్పుదుము.

మా యభ్యంతరము వేఱు. ఆ నాటికే మన దేశపు కుస్తీవారు, ముష్టియుద్ధమువారు, పరుగువారు అట్టి పత్రములపైననే సంతకములు చేయుచుండిరి. వారికి ప్రాణము లేదా? వారి యిండ్లకు తలుపులు లేవా? క్రికెట్ బోర్డువారు "ఈ నియమమున ఇన్ని లోపములున్నవి, భారతీయ క్రీడాకారు లందఱ కొఱకును దీనిని సవరింపుడు" అని యుద్యమించియున్న మేము వారికి జయము పలికియుందుము. వారు కోరినది సవరణ కాదు, మినహాయింపు. అదియు లభించెను. పదియేండ్లకాలము జాతీయ సంస్థ గుమ్మము త్రొక్కనీయక, స్వీడన్ దేశపు ప్రైవేటు సంస్థచేత తమ పరీక్షలను తామే జరిపించుకొనిరి. దేశమున కంతటికిని ఒక త్రాసు, క్రికెట్‌కు మఱొక త్రాసు. 2019లో దగ్గుమందునందలి నిషిద్ధద్రవ్యముచేత నొక యువకుడు పట్టుబడి, అయిదుమాసముల తరువాత గాని సంగతి బయటపడక, శిక్షాకాలము మాత్రము వెనుకటి తేదీనుండి లెక్కింపబడిన పిదప, ప్రభుత్వము గట్టిగ నిలిచి యడిగెను. ఆ యువకుని పేరు పత్రికలన్నియు నచ్చువేసినవి, మే మచ్చువేయము. ఆ యాగస్టు 9వ తేదీన బోర్డు జాతీయ సంస్థ పరిధిలోనికి వచ్చుట కంగీకరించెను.

వచ్చిన మఱుసటియేడే ఒక వింత జరిగినది. 2020 జూనులో అయిదుగురు పేరుమోసిన క్రికెట్ ఆటగాండ్రు, వారిలో నిద్దఱు స్త్రీలు, ఉనికివివరములు వేళకు పంపలేదని తాఖీదులు వెడలినవి. కంప్యూటరు సంకేతపదము విషయమున చిక్కు వచ్చినదని బోర్డువారి సమాధానము. ప్రపంచమున కెల్ల ధనవంతమైన క్రికెట్ సంస్థకు తాళపుచెవి కనబడలేదట! ఈ మాటనే హర్యానా పల్లెలోని యొక కుస్తీపిల్ల చెప్పియున్న నెవరు చెవి నొగ్గియుందురు? 2019లో నూఱు మీటర్ల పరుగున ప్రపంచవిజేతయైన అమెరికా వీరుడు కోల్మన్ ఆ డిసెంబరులో పండుగ సరకులు కొన బజారుకు పోయి పరీక్షకు చిక్కలేదు. ఒక్కమాఱు ఫోను చేసియుండిన నిమిషములలో వచ్చియుందు గదా యని మొఱపెట్టుకొనెను. ఫోను చేయవలెనను విధి లేదనిరి. శిక్ష రెండేండ్లనుండి పదునెనిమిది మాసములకు తగ్గినదే గాని టోక్యో ఒలింపిక్ క్రీడలు చేజాఱినవి. నియమము కఠినమే, పెద్దవానికిని చిన్నవానికిని ఒకటిగ నుండుటవలన మాత్రమే అది సహింపదగినదగును.

అయినను క్రికెట్‌వా రెత్తిన ప్రశ్న తప్పుడు ప్రశ్న కాదు. అడుగరానివా రడిగినంతమాత్రమున ప్రశ్న చెడదు. రాత్రివేళ వచ్చి తలుపు తట్టుటను గూర్చిన వివాదమునుండియే మన దేశపు గోప్యతాహక్కు కథ పెఱిగినది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగు అను నాతడు దోపిడికేసులో సాక్ష్యము చాలక విడువబడెను. అయినను పోలీసు లాతనిపేర చరిత్రపుట తెఱచి, నడిరాత్రి వచ్చి తలుపులు తట్టి లేపుచుండిరి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టునందలి ఆఱుగురు న్యాయమూర్తులు ఆ రాత్రిరాకలను కొట్టివేసిరి గాని, అధికసంఖ్యాకులు గోప్యత యను హక్కు రాజ్యాంగమున లేదనిరి. రాజమహేంద్రవరమున జన్మించిన మన కోకా సుబ్బారావుగారు అంగీకరింపలేదు. గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యమునందు విడదీయరాని భాగమనియు, నిఘానియమము మొత్తము చెల్లదనియు వారు వేఱుగ వ్రాసిరి. నాడది యల్పసంఖ్యాకుల మాట. అర్ధశతాబ్ది దాటిన పిమ్మట, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగ సుబ్బారావుగారి పక్షమునకే వచ్చిరి. పుట్టస్వామి కేసని లోక మెఱిగిన తీర్పిదియే. తెలుగువారు గర్వింపదగిన ఈ సంగతిని మన పఠనమందిరములలో ఎందఱు చెప్పుకొందురో మేమెఱుగము.

ఆ తొమ్మిదిమందియు గోప్యత కెట్టి హద్దులును లేవని చెప్పలేదు. చట్టము ఆధారముగ నుండవలెను. ప్రయోజనము న్యాయమైనదిగ నుండవలెను. ప్రయోజనమునకు మించిన చొరబాటు కూడదు. ఈ మూడు గీటురాళ్లపై క్రీడాకారుని గంటను గీచి చూచినచో ఏమగును? ఖరక్ సింగునకును క్రీడాకారునకును భేదము చాల గలదు. గంటను క్రీడాకారుడే కోరుకొనును. మార్చుకొనదలచిన కబురు పంపి మార్చుకొనవచ్చును. వచ్చినవాడు ఇల్లు వెదకుటకు రాడు, సీసా తీసికొని పోవుటకు వచ్చును. పందెమున దిగినవాడు ప్రక్కవానికి మోసము చేయకుండ చూచుటయు, మందులచే గుండెలు పాడై చచ్చువారిని కాపాడుటయు న్యాయమైన ప్రయోజనములే. ఫ్రాన్సుదేశపు క్రీడాకారుల సంఘములును, ప్రఖ్యాత సైకిలువీరురాలు లోంగో గారును స్ట్రాస్‌బర్గు నందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తలుపు తట్టగ, 2018 జనవరి 18న ఆ న్యాయస్థానము ఈ భారము గోప్యతను పీడించునట్టిదే యని యొప్పుకొనియు, ప్రజాప్రయోజనము దృష్ట్యా హక్కునకు భంగము కలుగలేదని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియైనదే యని మా తలంపు. గంట నిలుచును.

నిలువనిది సంతకము. "నా యిష్టపూర్వకముగ నా వివరముల నిచ్చుచున్నాను" అని క్రీడాకారునిచేత వ్రాయించుకొనుచున్నారు గదా, ఆ యిష్టము ఎట్టిది? సంతకము చేయనిచో ఆట లేదు. ఆట లేనిచో రైల్వేలోనో పోలీసుశాఖలోనో రావలసిన యుద్యోగము లేదు. చెల్లెలి పెండ్లి లేదు. 2023 నాటి మన చట్టము సమ్మతి యనగా స్వేచ్ఛగ, నిర్దిష్టముగ, తెలిసి, షరతు లేకుండ ఇచ్చినదై యుండవలెనని నిర్వచించినది. ఈ నాలుగు మాటలలో ఒక్కటియు ఆ సంతకమునకు తగులదు. ఐరోపాలోని సమాచార రక్షణాధికారులు 2009లోనే ఈ మాట చెప్పిరి. ఇచ్చక తప్పనిచోట ఇచ్చితి ననిపించుకొనుట అబద్ధసాక్ష్యము వంటిది. దీనికి బదులుగ మన చట్టమే ఋజువైన దారి నొకటి చూపుచున్నది: చట్టము విధించిన కార్యమును నెరవేర్చు ప్రభుత్వాంగము సమ్మతితో పనిలేకయే అవసరమైన సమాచారమును గైకొనవచ్చును. అట్లు గైకొన్నప్పుడు బాధ్యతయు ప్రభుత్వముదే యగును. సంతకము క్రీడాకారుని నెత్తిపై భారము పెట్టును; చట్టము ప్రభుత్వపు నెత్తిపై పెట్టును. మాకు రెండవదే యిష్టము. ఐతే ఆటల సంఘములు ప్రభుత్వాంగములు కావు. అవి తమ చేతికి వచ్చిన వివరములకు ఎవరికి జవాబు చెప్పవలెనో ప్రత్యేకముగ నియమింపక తప్పదు.

ఇప్పుడు పైన చెప్పుదుమన్న కథ. క్రీడాకారుల యుండుచోట్లు, పరీక్షాఫలములు, రోగములకై వాడుకొనుటకు పొందిన ప్రత్యేకానుమతులు, అన్నియు ఆడమ్స్ అను కంప్యూటరు భాండారమున చేరును. దానిని నడపునది కెనడాదేశపు మాంట్రియల్ నగరమున కార్యస్థానము గల వాడా యను ప్రపంచ సంస్థ. రష్యాదేశమున ప్రభుత్వము కనుసన్నలలోనే జరుగుచున్న డోపింగు కుట్రను బయటపెట్టిన పరుగుపందెగత్తె యూలియా స్తెపనోవా, భర్తతో గూడ ప్రాణములు దక్కించుకొని పరదేశమున దాగియుండెను. ఆమె యున్న చోటు తెలిసిన కాగిత మొక్కటియే. ఆడమ్స్ లోని ఆమె ఉనికిపత్రము. 2016 ఆగస్టులో గుర్తుతెలియనివారు దొంగ సంకేతపదముతో ఆ పత్రమును తెఱచిరి. ఆ దంపతులు మరల ఇల్లు మారవలసివచ్చెను. సత్యము పలికినదానికి ఆమెకు లభించిన రక్షణ అది.

మఱుసటి నెలలోనే భాండారమునుండి పెద్దదొంగతనము జరిగినది. అమెరికాదేశపు వ్యాయామవిద్యా విజేత సిమోన్ బైల్స్, టెన్నిస్ క్రీడాకారిణులు విలియమ్స్ సోదరీమణులు మొదలైనవారి వైద్యానుమతులు లోకమునకు వెల్లడి చేయబడినవి. వారిలో నెవరును నియమము తప్పలేదు. వైద్యులు చెప్పిన మందు అనుమతితో వాడిరి, అంతియే. చిన్ననాటినుండి తనకు చిత్తచాంచల్యవ్యాధి గలదని ఆ పందొమ్మిదేండ్ల బైల్స్ లోకము ముందు చెప్పుకొనవలసివచ్చెను. ఈ దొంగతనమునకై 2018 అక్టోబరులో రష్యా సైనిక గూఢచారిశాఖకు చెందిన ఏడుగురిపై అమెరికా ప్రభుత్వము నేరము మోపినది. వెలుపలి దొంగలు చేసినదానికి సంస్థ నేమనవలెనని కొందఱందురు. ఇతరుల నగలు కుదువబెట్టుకొన్న షావుకారు ఇనుపపెట్టె కొనకుండ, దొంగ వచ్చెనని చెప్పిన మన మూరకుందుమా? మా దృష్టిలో గోప్యతకు మొదటి శత్రువు తెల్లవారుజామున వచ్చు పరీక్షకుడు కాడు. వాడు సీసా తీసికొని వెడలిపోవును. శత్రువు కాగితములు దాచు గది. నమూనాలే పదియేండ్లవఱకు నిలువయుంచి మరల పరీక్షింపవచ్చునని నియమము. అంతకాలము ఒక యువతి దేహరహస్యము ఎవరెవరి చేతులలో తిరుగునో ఆమెకు చెప్పువాడు లేడు.

శిక్షపడినవారి పేళ్లు లోకమునకు ప్రకటించుట మఱొక చిక్కు. ఆస్ట్రియాదేశమున నొక క్రీడాకారిణి ఈ ప్రకటనము ఐరోపా సమాచారచట్టమునకు విరుద్ధమని వాదించెను. ఐరోపా సమాజపు న్యాయస్థానము 2024 మే 7న, ప్రశ్నను పంపిన మధ్యవర్తిసంఘము న్యాయస్థానమే కాదు గావున బదులీయజాలమని త్రోసిపుచ్చెను. మోసము చేసి పతకము గైకొన్నవాని పేరు ఓడినవానికి తెలియవలెననుటలో మాకు సందేహము లేదు. అయితే కల్తీ మందుపొడిచే పట్టుబడి యల్పశిక్షతో బయటపడినవాని పేరును అదే పలకపై ఏండ్లతరబడి వ్రేలాడదీయుట శిక్షపై శిక్ష. బాలుర పేళ్లు తప్పక ప్రకటింపవలెనన్న నిర్బంధము ప్రపంచ నియమావళిలో లేదు. ఆ విచక్షణను మనవారును మనసున నుంచుకొనవలెను.

బాలుర మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము; మాకు అన్నింటికంటె గుచ్చుకొను విషయ మిదియే. 2023 చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల నికరమైన సమ్మతి కావలెనన్నది. బాలుర జాడలు వెంబడించి కనిపెట్టరాదనియు నిషేధించినది. మినహాయింపులు చేయు నధికారమును ప్రభుత్వమునకే విడిచినది. ఉనికిపత్రమనగా జాడ వెంబడించుట గాక మఱేమి? పదునాఱేండ్ల బరువులపిల్ల, పదునేడేండ్ల యీతగాడు, పరీక్షాపట్టికలో చేరినచో ఏ చట్టమును పాటింపవలెను? మినహాయింపు అవసరమే కావచ్చును. పెద్దలు బాలుర దేహములకు మందు లెక్కించుచున్న కాలమున అవసరమే యని మేమే చెప్పుదుము. ఆ మినహాయింపును స్పష్టముగ వ్రాసి, దాని హద్దులను వ్రాసి, పార్లమెంటు ముందుంచవలెను. కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీనుండి కంచుపతకము తెచ్చిన తరువాత శ్రీకాకుళపు పల్లెలలో ఎందఱో బాలికలు బరువులు పట్టిరి. అట్టి బాలిక తండ్రిచేతికి ఆంగ్లమున పది పుటల పత్రమిచ్చి వ్రేలిముద్ర వేయుమనుట నికరమైన సమ్మతి యని యే న్యాయాధిపతి యనును? ఆమెకు సూది గ్రుచ్చిన గురువు పేరు మాత్రము ఏ పట్టికలోను తఱచుగ కనబడదు. ఆతని యుండుచోటు నెవరును అడుగరు.

ఒక ప్రశ్న మా మిత్రులు తఱచుగ వేయుచుందురు: స్విట్జర్లాండు చట్టము క్రింద నేర్పడిన ఒక ప్రైవేటు సంస్థ చెప్పినట్లు స్వతంత్ర భారతము తన చట్టములను దిద్దుకొనవలెనా? 2022 చట్టమున జాతీయమండలికి నిరోధక సంస్థపై నిచ్చిన పెత్తనమును ఆ ప్రపంచ సంస్థ యాక్షేపింపగ, 2025 ఆగస్టులో మన పార్లమెంటు సవరించిన మాట నిజమే. ఈ సవరణలో మాకు పరాభవమేమియు కనబడదు. పరీక్షించువాడు మంత్రి చెప్పుచేతలలో నుండరాదనుట పరదేశీయుల మాటగ వచ్చినను మంచిమాటయే. రష్యాలో ప్రభుత్వమే పరీక్షకుని చేతిని నడిపిన ఫలితము లోకము చూచినది. 2005 నాటి యునెస్కో ఒడంబడికపై 2007లో మన ప్రభుత్వము ఇష్టపడియే ముద్రవేసినది. ఐతే పౌరుని యిల్లును దేహమును గూర్చిన సంగతి వచ్చినప్పుడు కడపటిమాట మన చట్టముదే కావలెను. చిత్రమేమనగా ప్రపంచ సంస్థవారి గోప్యతాప్రమాణమే, తమ ప్రమాణమును పాటించుటవలన దేశచట్టము భంగపడునెడల దేశచట్టమే పైచేయి యని యొప్పుకొనుచున్నది. వారు విడిచిన చోటును మనము వాడుకొనలేదు. 2009లో రాజ్యాంగము పేరెత్తి గోల చేసిన పెద్దలు ఆ చోట ఒక్క వాక్యమైనను వ్రాయింపలేదు.

వ్రాయవలసిన వాక్యములు కష్టమైనవి కావు. క్రీడాకారుని కాగితమును ఎవరు, ఎన్నడు తెఱచి చూచిరో ఆతనికే తెలియునట్లు లెక్క యుండవలెను. గంట గడచినపిమ్మట, మూడు తప్పుల గడువు తీఱినపిమ్మట, ఆ గంట వివరము మాసిపోవలెను. వైద్యరహస్యము వైద్యులు గాక ఆటల సంఘపు గుమాస్తాలు చూడరాదు. భాండారము కన్నము పడినచో ముందుగ తెలియవలసినది పత్రికలకు గాదు, క్రీడాకారునికి. పత్రము ఆతని మాతృభాషలో నుండవలెను. ఇవన్నియు చేసి, ఆ పత్రమును మొదట క్రికెట్ జట్టు నాయకుని చేతికిచ్చి సంతకము గాదు, రసీదు వ్రాయించుకొనవలెను.

వ్యక్తిగత సమాచార చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. వానిలోని ముఖ్యవిధులకు పదునెనిమిది మాసముల గడువీయబడినది, అనగా 2027 మే నెల. ప్రపంచ డోపింగు నిరోధక నియమావళి క్రొత్తరూపము 2027 జనవరి 1న అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినది. రెండును అయిదు మాసములకు లోబడిన యెడముతో ఒకే క్రీడాకారుని గుమ్మమున కలిసికొనును. 2030లో అహమ్మదాబాదున జరుగవలసిన కామన్‌వెల్త్ క్రీడలకు సాధన చేయుచున్న బాలబాలికలలో ననేకులు అప్పటికి పదునెనిమిదేండ్లు నిండనివారే. వారి విషయమున ఏ విధి చెల్లునో క్రీడాశాఖవారును సమాచారశాఖవారును ఒకచోట కూర్చుండి, ఆ జనవరికి ముందే వ్రాసి ప్రకటింపవలెనని కోరుచున్నాము.